ట్రక్కు మీది వాలు అక్షరాలు

మా ప్రెస్సు పాతవాళ్లు కలిసినప్పుడల్లా ఒక కథ చెబుతుంటారు: చదువురాని ఒకావిడ వచ్చి గొడవ చేస్తే, నేను ఓపికగా సర్దిచెప్పి పంపానని. గొడవ చేసింది నేను. ఓపిక ఆవిడది. నన్నెరిగినవాళ్లకి ఈ సవరణ నమ్మడం కష్టమేమీ కాదు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు వేసవిలో నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక ప్రెస్సుకి డిజైన్ సెక్షన్ హెడ్‌ని. సెక్షన్ అంటే మూడు కంప్యూటర్లు, ఇద్దరు ఆపరేటర్లు, నా నోరు. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే పాఠం చెప్పేదాన్ని: డిస్‌ప్లే అక్షరం, అంటే బోర్డు మీది పెద్ద అక్షరం, చదవడానికి కాదు, దూరం నుంచి చూడ్డానికి. ఆ పాఠం నాకే అప్పజెబుతారని అప్పుడు తెలియదు.

మైలవరం దగ్గర్నుంచి ఒక రైతు వచ్చాడు. అన్నగారు వెంకటేశ్వర్లు సంవత్సరీకానికి చలివేంద్రం పెడుతున్నారట, దానికి ఫ్లెక్సీ కావాలి. పేరు మాత్రం వాళ్ల ట్రాక్టర్ ట్రక్కు మీద ఉన్నట్టే లావుగా, వాలుగా ఉండాలని వదినగారి కోరిక. నేను ఉపన్యాసం అందుకున్నాను. లావు వాలు అక్షరాలు చీరల డిస్కౌంటుకీ, నాయకుల పుట్టినరోజులకీ. పోయినవారి పేరు నిటారుగా, గౌరవంగా నిలబడాలి. అసలు కారణం వేరు. మా దగ్గర అలాంటి తెలుగు ఫాంటు లేదు. ఉన్నదాన్ని కంప్యూటర్లో బలవంతంగా వంచితే ‘శ్వ’, ‘ర్లు’ల కింది వత్తులు వెనకబడి, తూలి పడబోతున్నట్టుంటాయి. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన నిటారు అక్షరాల ప్రూఫ్ మీద సంతకం పెట్టాడు. సంతకం పడ్డాక తప్పు పార్టీదే. అది మా వృత్తిధర్మం.

మర్నాడు వదినగారు కూడా వచ్చింది. ఫ్లెక్సీ విప్పి పరిస్తే అటూ ఇటూ చూసి, “ఆయన పేరెక్కడుందమ్మా?” అంది.

వేలు పెట్టి చూపించాను.

“ఇది ఆయనది కాదు. ఆయన పేరు పరిగెత్తుతున్నట్టు ఉండిద్ది.”

ఇదే పేరని గట్టిగా వాదించాను, సంతకం చూపించాను. గొంతు పెంచింది నేనొక్కదాన్నే.

“నాకు చదువు రాదమ్మాయ్. చెరుకు బళ్లు యాభై వరసగా వచ్చినా మా ట్రక్కు నాకు తెలిసిద్ది. ఆ దారిన పోతా నేను చూసుకోటానికేగా ఈ బోర్డు.”

డిగ్రీ చదివి, ఇరవయ్యేళ్లు అక్షరాలతో బతికినదాన్ని, సంతకం ఉన్న ప్రూఫ్‌ని మడిచి సొరుగులో పెట్టేశాను. ఆపరేటర్లిద్దరూ ఆ దృశ్యం కోసమే ఉద్యోగంలో చేరినట్టు చూశారు.

మరిదిగారి ఫోన్లో ట్రక్కు ఫొటో ఉంది. తెరిచి చూశాక మిగిలిన గర్వం కూడా దిగిపోయింది. పెయింటర్ అక్షరాన్ని వంచలేదు, వాలుగానే పుట్టించాడు. తలకట్లు వెనక్కి ఎగురుతున్నాయి. వత్తుల్ని ఒక పిసరు ముందుకి జరిపి ఆనించాడు. మధ్యాహ్నమంతా కూర్చుని మౌస్‌తో గీతగీతా ట్రేస్ చేశాను. ఆవిడ బల్ల మీదనుంచి కదల్లేదు. కొత్త ఫ్లెక్సీ పరిచాక మొదటి అక్షరాన్ని అరచేత్తో సవరించి, “ఇదిగో, ఈయనే” అంది.

ఆ తర్వాత మా సెక్షన్లో ఒక నియమం పెట్టాను. సంతకం చేసేవాడికి మాత్రమే కాదు, బోర్డుని రోజూ చూడబోయేవాళ్లకీ ప్రూఫ్ చూపించాలి. వాళ్లకి చదువొచ్చా రాదా అన్నది మనకి అనవసరం.

కిందటేడు ఉద్యోగం మానేసి పటమటలో ఇంటిపట్టున ఉంటున్నా, రోడ్డు మీద ట్రాక్టర్ కనబడితే ఇప్పటికీ ట్రక్కు వెనక తలుపు మీది అక్షరాలే చూస్తాను. సంతకమైనా పెట్టకుండా పోయిన ఆ పెయింటర్ ఎవరు? వత్తుని ఆ పిసరు ముందుకి జరపాలని అతనికి ఎవరు చెప్పారు?