ఫస్ట్ టీమ్ తల్లి

మా వదిన అంబీకి ఈ లోకంలో నచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకరు చనిపోయిన వాళ్ళ నాన్న, ఇంకొకరు ఆమె కొడుకు తిరుషెన్. మిగతా మనుషులందరితోనూ ఆమెకు పేచీయే. ఆ వరుసలో ముందు నేనుండేదాన్ని. ఆడపడుచుని, పైగా పెళ్ళి లేకుండా అదే ఇంటి వెనక గదిలో పడి ఉన్నదాన్ని. డర్బన్ పక్కన మనవాళ్ళుండే చాట్స్‌వర్త్‌లో ఇళ్ళు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఆమె వంటింట్లో నా పేరెత్తి "వెలరీ!" అని మొదలుపెడితే పక్కింటివాళ్ళు టీవీ తగ్గించి మరీ వినేవారు. మా అన్న లెస్లీ బస్సు డ్రైవరు. తెల్లారకముందే పోయి పొద్దుపోయాక వచ్చేవాడు. అదృష్టవంతుడు.

అంబీ చొక్కాల ఫ్యాక్టరీలో మిషను కుట్టేది. కొత్తగా చేరిన పిల్లకి ఎవరైనా కాలరు కుట్టమని ఇస్తే సూపర్‌వైజరు మీదికే వెళ్ళేది. "ముందు దారాలు కత్తిరించనీ. ఎనక సేతులు కుట్టనీ. ఆ ఎనక కాలరు" అనేది. ఆ తెలివి ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయేది, ఇంటిదాకా వచ్చేది కాదు.

వాళ్ళ నాన్న ఒకప్పుడు మంచి ఫుట్‌బాల్ ఆటగాడట. డర్బన్ ఊళ్ళో పచ్చగడ్డి గ్రౌండు తెల్లవాళ్ళది. ఆయన కంచె బయట నిలబడి వాళ్ళ ఆట చూసి, ఇంటికొచ్చి రాళ్ళ నేల మీద ఆడుకునేవాడు. చిన్నప్పుడు అంబీ ఆయన వేలు పట్టుకుని ఆ కంచె బయటే నిలబడింది. ఆ కోపం ఆమెకు చచ్చేదాకా పోదు. అందుకు నాకు ఆమె మీద జాలి ఉంది. జాలి వేరు, కలిసి బతకడం వేరు.

నల్లా తెల్లా తేడా లేకుండా అందరం మొదటిసారి ఓట్లు వేసిన సంవత్సరానికి ముందు సంవత్సరం సంగతి. అప్పటిదాకా ఏ జాతి లీగు ఆ జాతిదే, ఆ ఏడు అవన్నీ ఒకటైపోయాయి. మా క్లబ్బు పిల్లల మొదటి జట్టు వచ్చే సీజను నుంచి ఊళ్ళో ఆ పచ్చగడ్డి మీదే, తెల్ల పిల్లలతోనూ పక్కపేట ఉమ్లాజీ జూలూ పిల్లలతోనూ ఆడుతుందన్నారు. రెండో జట్టు మాత్రం మా చాట్స్‌వర్త్ ఎర్రమట్టిలోనే ఆడాలి. కోచ్ క్లైవ్ మా వీధి చివర ఉండే ప్లంబరు, మనవాడే. అతను తిరుషెన్‌ని రెండో జట్టులో వేశాడు.

తిరుషెన్‌కి అప్పుడు పదకొండేళ్ళు. కాళ్ళలో చురుకుంది కానీ ఒంట్లో బలం ఇంకా రాలేదు. వాడి స్నేహితులంతా రెండో జట్టులోనే ఉన్నారు. నీకేం కావాలిరా అని వాణ్ణి ఎవరూ అడగలేదు. నేను అడిగాను.

"ఆడితే సాలు అత్తా" అన్నాడు.

అంబీ క్లైవ్ ఇంటికి వెళ్ళింది. గొడవ ముదిరితే ఆపడానికి నేనూ వెనకే వెళ్ళాను.

"అక్కా, లైటీ బాగా ఆడతాడు, నేను కాదనలేదు" అన్నాడు క్లైవ్. మా దగ్గర కుర్రాణ్ణి లైటీ అనే అంటారు. "ఒక్క ఏడు ఆగు. సెకండ్ టీమ్‌లో ఫుల్ మ్యాచ్ ఆడతాడు. ఫస్ట్ టీమ్‌లో బెంచీ మీద కూసుంటాడు."

"హైకోనా!" అని అరిచింది అంబీ. వీల్లేదనే మాట జూలూవాళ్ళ దగ్గర నేర్చుకుని అంతకంటే గట్టిగా అనేది. "మా నాయిన ఫెన్స్ బైట నిలబడినాడు. నా పిల్లోడు నిలబడడు."

"బైట ఎవరున్నారు అక్కా? సెకండ్ టీమ్ గూడా టీమే."

"అయితే నీ పిల్లల్ని ఏసుకో అందులో!"

క్లైవ్‌కి పిల్లలు లేరు. అంబీకి ఆ సంగతి తెలుసు, తెలిసే అన్నది. అతని భార్య హేజెల్ గుమ్మంలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు మా వదిన మీద అసహ్యమేసింది, ఇప్పటికీ పోలేదు.

తర్వాత క్లబ్బు కమిటీ మీద పడింది. గుడిలో, మార్కెట్లో, పెళ్ళిళ్ళలో, ఎక్కడ కనిపిస్తే అక్కడ వాళ్ళను నిలదీసింది. చివరికి వాళ్ళు తిరుషెన్‌కి మళ్ళీ ఒక ట్రయల్ పెడతామన్నారు. అది పురటాసి శనివారం పడింది.

పురటాసి నెలలో మా ఇళ్ళల్లో మాంసం ముట్టరు. శనివారాలు గోవిందుడి దీపం పెట్టి, పూజ అయ్యేదాకా పెద్దవాళ్ళు పచ్చి మంచినీళ్ళు కూడా తాగరు. పిల్లలకు ఆ పట్టింపు లేదు. కానీ దేవుడు తన కొడుకుని మొదటి జట్టులో వేయాలంటే కొడుకు కూడా ఒక్కపొద్దుండాలని అంబీ తేల్చింది.

"వదినా, పరిగెత్తాల్సిన పిల్లోడు. రెండు రొట్టెలన్నా పెట్టు" అన్నాను.

"దేవుడి పనిలో నీ నోరు పెట్టకు."

"కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డుగా ఉండాలంటే ఎట్టా?"

"పెళ్ళి లేదు, పిల్లల్లేరు, నీకేటి తెలుస్తది!"

తిరుషెన్ నుదుటన నామం పెట్టుకుని, ఖాళీ కడుపుతో ఎండలోకి వెళ్ళాడు. మొదట బాగానే పరిగెత్తాడు. ఆ తర్వాత బంతి కాళ్ళ దగ్గరున్నా కనబడనట్టు నిలబడ్డాడు. చివరికి మోకాళ్ళ మీద కూలబడి పసరు కక్కాడు. క్లైవే పరిగెత్తుకెళ్ళి వాణ్ణి నీడలోకి మోసుకొచ్చి, తన అరటిపండు ఒలిచి తినిపించాడు. అంబీ నా వైపు తిరిగింది.

"నీ దిష్టే! పొద్దున్నించి వాడి కడుపు మీదే నీ కళ్ళు!"

అందరి ముందూ అన్నది. ఆమె నోటికి దండం పెట్టి కమిటీవాళ్ళు తిరుషెన్‌ని మొదటి జట్టులోనే వేసేశారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టయింది. ఎగిరింది తల్లి, పడేది పిల్లాడు.

సీజనంతా వాడు పచ్చగడ్డి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. మొదట్లో కేకలేసేవాడు, తర్వాత బూటు లేసులతో ఆడుకునేవాడు, తర్వాత అదీ లేదు. శనివారం సాయంత్రం రెండో జట్టు పిల్లల జెర్సీలు వీధి పొడవునా తీగల మీద మట్టి మరకలు పోక ఎర్రగా వేలాడేవి. వీడిది తెల్లగా మడత విప్పనట్టు తిరిగొచ్చేది. అంబీ దాన్ని కూడా బండ మీద వేసి ఉతికేది. ఏప్రిల్లో ఓటు వేయడానికి వరుసలో నిలబడ్డ రోజున కూడా ముందున్న హేజెల్‌తో, "మీ ఆయన కావాలనే నా పిల్లోణ్ణి ఆడించట్లేదు" అని గొడవకు దిగింది.

ఆగస్టులో ఒక శనివారం సంచీ మోయడానికి నన్ను కూడా ఊళ్ళో ఆ పచ్చగడ్డి గ్రౌండుకు తీసుకెళ్ళింది. ఆట సగమయ్యేసరికి బెంచీ మీద తిరుషెన్ లేడు. బట్టలు మార్చుకునే గదుల్లో లేడు, గేటు దగ్గర లేడు. అంబీ గొంతు పోయేలా పిలిచింది. టాక్సీలు ఆగే ర్యాంకు దగ్గర ఒకతను, తెల్ల జెర్సీ కుర్రాడు ఇందాకే చాట్స్‌వర్త్ బండెక్కాడని చెప్పాడు. మేమూ తర్వాతి టాక్సీ ఎక్కాం. దారంతా ఆమె నన్నే తిట్టింది. నేనూ మాటకు మాట అన్నాను.

మా ఎర్రమట్టి గ్రౌండు దగ్గర దిగాం. రెండో జట్టుకు ఆ పూట ఒకడు తక్కువయ్యాడట, వీణ్ణి దింపారు. మొదటి జట్టు జెర్సీ ఒంటినిండా మట్టి. బంతి వెనక పరిగెత్తి పడ్డాడు, లేచాడు, ఎవణ్ణో చూసి పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మేం విని చాలా నెలలైంది.

లోపలికెళ్ళి వాడి చెవి మెలిపెట్టి లాక్కొస్తుందనుకున్నాను. ఆమె వెళ్ళలేదు. కంచె తీగ పట్టుకుని, ఆట అయ్యేదాకా బయటే నిలబడింది. మొహం చూద్దామని పక్కకెళితే అటు తిప్పుకుంది.

తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె క్లైవ్‌కి క్షమాపణ చెప్పలేదు, హేజెల్‌కి అసలే చెప్పలేదు. మళ్ళీ పురటాసి వచ్చింది. కొత్త సీజను ట్రయల్స్ మళ్ళీ శనివారమే. నేను లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి దీపం ఇంకా వెలిగించలేదు. తిరుషెన్ ముందు రొట్టెలు, బంగాళాదుంప కూర. వాడు నోటినిండా తింటున్నాడు.

"ఏ టీమ్‌కి రా?" అని అడిగాను.

"సెకండ్" అన్నాడు వాడు, తల్లి వైపు చూడకుండా.

అంబీ ఇంకో రొట్టె వాడి పళ్ళెంలో వేసింది.

"ఏటి సూస్తన్నావు?" అంది నాతో. "పిల్లోడు తింటన్నాడు, అటు తిరుగు. నీ దిష్టి తగులుద్ది."