తేయాకు తోట అని నేను చెప్పిన బొమ్మ

చాలా ఏళ్లుగా ఒక విషయం నాలో బరువుగా ఉండిపోయింది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. చెప్పకుండానే పోతాననుకున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. బహుశా అందువల్లే మీకు చెప్పగలుగుతున్నాను.

సినిమాలంటే మోజున్నవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. బొమ్మకు మాట రాని రోజుల్లో బయస్కోపుతో ఊళ్లు తిరిగినవాణ్ని కదా. ఆ కాలపు బొమ్మల్లో మనిషన్నవాడు ఒక్కసారైనా చూసి తీరవలసినవి ఏమిటని అడుగుతారు. చెబుతాను. ఒక పురాణకథ పేరు చెబుతాను. తెల్లదొర ఒకడు కిందపడి లేచి మళ్లీ కిందపడే నవ్వుల బొమ్మ గురించి చెబుతాను. సముద్రపు అల తెర మీద విరిగిపడే చిన్న రీలు గురించి చెబుతాను. ముందు కూర్చున్నవాళ్లు తడుస్తామని కాళ్లు ముడుచుకునేవాళ్లంటే వాళ్లు నవ్వుతారు. కానీ ఆ రోజుల్లో నేను అన్నిటికంటే ఎక్కువమందికి చూపించిన బొమ్మ వేరే ఉంది. దాని ఊసు ఎత్తను.

ఎందుకు ఎత్తను? ఇప్పుడు చెబుతాను.

పందొమ్మిది వందల ఇరవైల నడిమి సంవత్సరాలు. గూడెం కొండల్లో దొరల మీద లేచిన పితూరీ అణిగిపోయి, ఏజెన్సీలో మళ్లీ సంతలు నిండుగా జరుగుతున్న రోజులు. నాకు పాతికేళ్లు కూడా లేవు. విజయనగరంలో హైస్కూలు పరీక్ష తప్పి ఇంటిపట్టున ఉన్నాను. వీధిలో పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు, ఫలానా పరీక్ష తప్పినవాడు అనేవాళ్లు. చదువు రాకపోయినా గొంతు ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. ఆ రెండూ చూసి నాయుడుగారు నన్ను తన బయస్కోపులో పెట్టుకున్నారు. ఆయనకో డేరా, చేత్తో తిప్పే యంత్రం, కార్బైడు దీపం ఉండేవి. యంత్రం ఆయనే తిప్పేవారు. తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడి, బొమ్మల మధ్య వచ్చే ఇంగ్లీషు రాతలు చదివి, కథ తెలుగులో చెప్పడం నా పని.

శృంగవరపుకోట నుంచి ఎడ్లబండ్ల మీద ఘాటీ ఎక్కి, అనంతగిరి దాటి, అరకు సంతకు వెళ్లేవాళ్లం. కొండమీద జనం అంతకుముందు తెర చూసినవాళ్లు కారు. నేను ఏది చెబితే అది. రాజు అంటే రాజు, రాక్షసుడంటే రాక్షసుడు. మర్నాడు సంతలో నడుస్తుంటే, "బొమ్మల బాబు ఒత్తన్నాడు," అని దారి ఇచ్చేవాళ్లు. మా వీధిలో నాకు లేని మర్యాద అది. దాని రుచి మరిగాను. ఈ సంగతి ముందే చెప్పాలి. తర్వాత చేసినదానికి మూలం ఎక్కడుందో వెతికితే ప్రతిసారీ ఇక్కడికే వచ్చి ఆగుతున్నాను.

సంత మైదానంలో డేరాకు చోటిమ్మని, ఆ కొండగూడేల పెత్తనం చేసే ముఠాదారుతో మాట్లాడి పెట్టినాయన ఒకరుండేవారు. అస్సాం తేయాకు తోటలకు కూలీలను పంపే ఏజెంటు. మెత్తగా మాట్లాడే మనిషి. మొదటిరోజు మా బొమ్మలన్నీ ఓపిగ్గా చూశారు. మధ్యలో వేసే చిన్న రీలు ఒకటి ఉండేది. ఏదో విదేశంలో కొండవాలు, వరసలు వరసలుగా మొక్కలు, వాటి మధ్య వంగి బుట్టలు నింపుతున్న ఆడవాళ్లు, వెనక తెల్లటి ఇళ్లు. వాళ్ల తలల మీద పెద్ద పెద్ద టోపీలు. వానాకాలంలో కొండవాళ్లు తల మీద పెట్టుకునే ఆకుల గిడుగుల్లా ఉంటాయి. ముఖాలు ఆ నీడలో కనిపించవు. ఆ టోపీలు చూసి జనం, "గిడుగులే! మన గిడుగులే!" అని కేకలు పెట్టారు.

ఏజెంటు అది విన్నారు. ఆ సాయంత్రమే నాయుడుగారితో మాట్లాడారు. రీలు చివర ఆ బుట్టల్లోంచి ద్రాక్షపళ్లు తొట్టెలో పోస్తారు. నాయుడుగారు ఆ ముక్క కత్తిరించేశారు. అది అస్సాం తోటని చెప్పమన్నారు నన్ను.

"అది తేయాకు కాదు కదండీ," అన్నాను. అన్నాను, నిజమే. ఒక్కసారే అన్నాను.

"సముద్రం బొమ్మకి నువ్వు సెప్పే కతలన్నీ నిజాలేటి?" అన్నారు నాయుడుగారు యంత్రానికి నూనె రాస్తూ.

మర్నాడు చెప్పాను. చాలా బాగా చెప్పాను. అక్కడ చలి, అందుకే ఒళ్లంతా కప్పే అలాంటి బట్టలు ఇస్తారన్నాను. ఆ తెల్ల ఇళ్లు కూలీలవే అన్నాను. ఏజెంటు మనుషులు గూడేలు తిరిగి, "ఒక్కపాలైనా సూడాల, పుట్టినోళ్లంతా సూడాల," అని చాటారు. ముసలివాళ్లను భుజాల మీద మోసుకుని వచ్చారు.

ఇంతవరకూ పై వాళ్లు చెప్పమన్నది చెప్పానని సర్దిచెప్పుకోవచ్చు. చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ తరువాతిది ఎవరూ చెప్పమనలేదు.

పొద్దున్న డేరా బయట తెరగుడ్డ ఆరవేస్తున్నాను. ఒక పడుచు వచ్చి నిలబడింది. పేరు బుద్రి అని చెప్పింది. మొగుడు సుక్కు ఏజెంటు దగ్గర వేలిముద్ర వేస్తానంటున్నాడట. ఆమె ఇంకా సరేననలేదు. చుట్టూ ఎవరూ లేరు. ఏజెంటు లేరు. నాయుడుగారు లేరు.

"నువ్వా తోట సూసినావా బాబూ?" అంది. "బొమ్మలో కాదు. ఎల్లి, కళ్లతో సూసినావా?"

"చూశాను," అన్నాను.

"ఆ ఇల్లు మాకిత్తారా?"

"ఇస్తారు."

"సైత్రంలో మా ఇటికల పండక్కి ఒగ్గుతారా? మాయమ్మకి నేనొక్కదాన్నే. పండక్కి రాపోతే ఏడుత్తాది."

"ఒగ్గుతారు. ఎందుకొగ్గరు? వచ్చి వెళ్తున్నవాళ్లను నేనే చూశాను."

ఆమె నా ముఖం వైపు కాసేపు చూసింది. "అయితే సరే. నువ్వు సూసినానన్నావు గావట్టి ఎల్తన్నాను," అని వెళ్లిపోయింది.

లేదు, నేను విశాఖపట్నం దాటలేదు, అది తోట కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? భయపడ్డానా? లేదు. ఆమె చెబితే ఏజెంటుకు తెలుస్తుందన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు. ఎంత తవ్వుకున్నా నాకు దొరికేది ఒకటే. లోకం చూసినవాడిననుకుని ఆమె నన్ను అడిగింది. కాదని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అంత చిన్న కారణం. ఇంకా పెద్దదేదైనా ఉంటుందేమోనని ఎన్నో ఏళ్లు వెతికాను.

వాళ్లిద్దరూ వెళ్లారు.

వానలు పోయాక మేము మళ్లీ కొండెక్కడానికి సామాను సర్దుకుంటున్నాం. విజయనగరం రైలుస్టేషన్లో, నీళ్ల కుళాయి దగ్గర కూర్చున్న ఒక మనిషి నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. సుక్కు. గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఒళ్లంతా ఎముకలే. మొదటి వానల్లోనే బుద్రి జ్వరంతో పోయిందని చెప్పాడు. వెదురు తడికల కొట్టాల్లో, నీళ్లు నిలిచిన నేల మీద పడుకునేవాళ్లట. జ్వరంలో కూడా ఆకు కోయడానికి లేపేవారట. అన్నీ చెప్పి, నేను ఇప్పటికీ మరిచిపోలేని మాట అన్నాడు.

"మమ్మల్ని ఏరే తోటకి అట్టుకుపోనారు బాబూ. నువ్వు సూసినావే, ఆ తోటకి కాదు."

నన్ను తిట్టలేదు. అనుమానించలేదు. నేను చెప్పిన తోట ఎక్కడో ఉందని, తమ ఖర్మకొద్దీ వేరేచోట పడ్డామని నమ్ముతున్నాడు. నేను ఆ నమ్మకాన్ని అలాగే ఉండనిచ్చాను. అతను కొండకు వెళ్లనన్నాడు. బుద్రిని పోగొట్టుకుని ఆమె తల్లికి ముఖం ఎలా చూపించను అన్నాడు. గోనెసంచుల మిల్లులో పని చూసుకుంటానన్నాడు. "నువ్వెలాగూ ఎల్తావు. అత్తకి కబురు సెప్పు," అని నా చేతులు పట్టుకున్నాడు. సరేనన్నాను.

దారి పొడుగునా ఆ మాటలు కూర్చుకున్నాను. ఎలా మొదలుపెట్టాలి, ఏ భాషలో చెప్పాలి. మాటలతో బతికేవాణ్ని కదా. ఘాటీ ఎక్కేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

సంత రోజున బుద్రి తల్లి తనంతట తానే డేరా దగ్గరికి వచ్చింది. పొట్టి మనిషి, మెడ నిండా పూసలు. నేను నోరు తెరిచేలోపే, "ఆ తోట బొమ్మ తెచ్చినావా బాబూ? మా గుంట బుద్రి అందులో ఉంటాది గదా, సూద్దామని ఒచ్చినాను," అంది. పక్కన గూడెం జనం. వాళ్ల వెనక, చెట్టు కింద, ఏజెంటు.

సాయంత్రం చెబుతాననుకున్నాను.

సాయంత్రం ఆమె అందరికంటే ముందు, తెరకు దగ్గరగా నేల మీద కూర్చుంది. రీలు మొదలైంది. కొండవాలు, మొక్కలు, వంగిన ఆడవాళ్లు. నడిమి వరసలో ఒకామె మిగతావాళ్లకంటే పొట్టి. బుట్ట నడుముకు ఆనించి, తల వంచుకుని కోస్తూ ఉంటుంది. తల్లి వేలు చూపించింది.

"అది మా గుంటేనా?"

జనమంతా నా వైపు తిరిగారు. నా చేతిలో బెత్తం ఉంది. ఆ బెత్తం కొన తెర మీద ఆ విదేశీ స్త్రీకి ఆనించాను.

"అవునమ్మా. అదే," అన్నాను.

డేరాలో ఒక్కసారిగా కేరింతలు. తల్లి లేచి వచ్చి తెర మీద చెయ్యి పెట్టింది. బొమ్మ ఆమె చేతి మీద పడింది. నాయుడుగారు యంత్రం కాస్త మెల్లగా తిప్పారు.

దయతో అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె ముఖం మీరు చూసి ఉంటే మీరూ ఒప్పుకునేవారేమో. కానీ దయ మాత్రమే కాదు. పోయిందని చెబితే, ఎలా పోయింది, ఎవరు పొమ్మన్నారు అని రెండో ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రాకుండా చూసుకున్నాను. దాని ఫలితం మర్నాడు పొద్దున్నే కనిపించింది. బుద్రి బాగుంది, తామంతా కళ్లారా చూశాం అని, ఆ గూడెంలోనే మరికొన్ని కుటుంబాలు ఏజెంటు దగ్గర వేలిముద్రలు వేశాయి. బండ్లు కదిలేటప్పుడు కొందరు నాకు దణ్ణం పెట్టారు. వాళ్లలో ఎవరు తిరిగి వచ్చారో, ఎవరు రాలేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నేను ప్రయత్నించలేదు. ఇది కూడా రాయవలసిందే.

మరుసటి ఏడూ వెళ్లాం. తల్లి మళ్లీ వచ్చింది. ఈసారి కేరింతలు లేవు. ఆమె పక్కన చోటు ఖాళీగా వదిలి కూర్చున్నారు. వెళ్లినవాళ్ల దగ్గర నుంచి కబుర్లు లేవని గూడెంలో గుసగుసలు మొదలై ఉండాలి. బొమ్మ నడుస్తున్నంతసేపూ తల్లి ఆ పొట్టి మనిషినే చూసింది. అరిగిన రీలు, తెరంతా గీతలు.

"ఎప్పుడు సూసినా తల వంచుకునే ఉంటాది," అంది. నా కోసం వెతికి, తెర పక్కన చీకట్లో కనుక్కుని, "ఒక్కపాలి తలెత్తమను బాబూ," అంది.

నా నోటి నుంచి ఏదో ఒకటి రావాలి. "అక్కడ పనిలో తలెత్తనివ్వరమ్మా," అన్నాను.

ఆ మూడేళ్లలో ఆ తోట గురించి ఆమెకు నేను చెప్పిన నిజం అదొక్కటే. ఆమె, "అంత కట్టమా?" అంది. నేను వినిపించుకోనట్టు తరువాతి బొమ్మ కథ అందుకున్నాను. నవ్వుల బొమ్మ అది. జనం నవ్వారు కూడా. ఆమె ఎప్పుడు లేచి వెళ్లిందో చూడలేదు.

కొండ దిగగానే ఆ పని మానేశాను. నాయుడుగారు కారణం అడిగితే గొంతు పాడయిందన్నాను. ఆ తర్వాత అరకు వైపు వెళ్లలేదు. వెళ్లే అవకాశాలు వచ్చాయి; ఏదో వంకతో తప్పించుకున్నాను. ఆమె ఎన్నాళ్లు బతికిందో, ఎప్పటికైనా ఎవరైనా చెప్పారో, తెలియదు. ఎవరూ చెప్పకపోతే, ఆమె తెర మీద చూసిన ఆ మనిషినే చివరిదాకా కూతురనుకుని ఉంటుంది. చెబితే, నేను ఎలాంటివాణ్నో ఆమెకు తెలిసి ఉంటుంది. ఈ రెంటిలో ఏది జరిగి ఉండాలని నేను కోరుకుంటున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

మీరు క్షమించాలని ఇది రాయడం లేదు. అది మీ చేతుల్లో లేదు. ఆమెతో అనవలసిన మాటలు, ఘాటీ దారిలో కూర్చుకున్నవి, ఒక్కసారైనా బయటికి అనాలని రాస్తున్నాను. అప్పుడు ఎన్నో అలంకారాలు పెట్టుకున్నాను. ఇప్పుడు అవేమీ గుర్తు లేవు. మిగిలినవి ఇవే.

అమ్మా, బొమ్మలో ఉన్నది బుద్రి కాదు. అది తేయాకు తోట కాదు, నేను ఏ తోటా చూడలేదు. బుద్రి మొదటి వానల్లోనే పోయింది. నీకు చెప్పమని సుక్కు నాతో కబురు పంపాడు. నేను చెప్పలేదు.