కరెంటు పోయినా మోగుతుందన్నాను

నావంటి వాణ్ణి ఇంకా భరిస్తున్న దేవునికి స్తోత్రం.

నేను ఇంటర్నెట్ తీగ మీద నడిచే ఇంటి ఫోన్లు అమ్ముతున్న రోజుల్లో, సత్యవేడు బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. ఒక్క జీపును బాడుగకు తిప్పుకునే మనిషి. ఊళ్లలో కాన్పు నొప్పులొస్తే ఆయనకే ఫోన్ చేసేవారట.

"కరెంటు పోతే నీ ఫోను మోగుతాదా అప్పా?"

పాత లైనులా కాదు, కరెంటు లేకపోతే ఇది మోగదని నాకు తెలుసు. "ఎందుకు మోగదన్నా? మోగుతాది," అన్నాను.

ఆయన నా ఒళ్లోని బైబిల్ చూసి నవ్వాడు. "అది పెట్టుకోని అబద్ధం చెప్తావా యాడన్నా? పాత లైను పీకించేస్తాలే," అంటూ ఫారం మీద సంతకం చేశాడు.

ఆ ఫారం మడిచి బైబిల్లో పెట్టుకున్నాను. సంఘంలో సాక్ష్యానికి లేచిన ప్రతిసారీ వేరే ఏదో చెప్పి కూర్చున్నాను.

కరెంటు లేనప్పుడు ఆయనకు ఫోన్ చేసిన ఏ తల్లికీ ఆలస్యం జరిగి ఉండకూడదని నాతోపాటు ప్రార్థించండి.