సలహా ఇవ్వని గాబ్రియేలు గారు

గాబ్రియేలు గారు సలహా ఇవ్వరు. ఇల్లు అంటుకుందని పరుగెత్తుకొచ్చినా "ఇల్లు అంటుకుందని కంగారు పడతాండావు" అంటారే తప్ప నీళ్లు పొయ్యమనరు. కర్నూలులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు.

మద్రాసులో మనస్తత్వ శాస్త్రం చదివి వచ్చిన ఆయన పగలు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పేవారు. సాయంత్రాలు తన ఇంటి వసారాలో ఒకే ఎత్తున్న రెండు కుర్చీలు వేసుకుని, మనసు బాగాలేనివాళ్ల మాటలు వినేవారు. మందు లేదు, తాయెత్తు లేదు, ప్రార్థన కూడా లేదు. వినడమే. కొత్తగా రాజధాని వచ్చి ఊరంతా సర్కారు కచేరీల గుడారాలు లేచిన రోజులవి. ఆ గుడారాల్లోని గుమాస్తాలూ ఆయన దగ్గరికి వచ్చేవారు.

ఒకసారి డోన్ నుంచి తిమ్మయ్య అనే వేరుశెనగ వ్యాపారి వచ్చాడు.

"తమ్మునితో వేరుపడల్లా వద్దా, మీరే చెప్పండి సార్."

"వేరుపడల్లనీ ఉండాది, మనసు ఒప్పడమూ లేదు."

"నేను చెప్పిందే నాకు చెప్తాండారే! దీనికి రైలెక్కి రావల్లనా? మా బావి కాడ నిలబడి అరిచినా ఇదే చెప్తాది!"

విసవిసా వెళ్లిపోయాడు. తర్వాతి వారం మళ్లీ వచ్చాడు. అలా ఆరు నెలలు వచ్చి, చివరికి ఏం చేయాలో తానే తేల్చుకుని, "సారు శానా మంచి సలహా ఇచ్చినాడప్పా" అని డోన్ అంతా చాటాడు.

ఇంట్లోనూ అంతే. "ఈ పొద్దు వంకాయ చేద్దునా, గోరుచిక్కుడు చేద్దునా?" అని ఆయన భార్య జ్ఞానమణి గారు అడిగితే "రెండింటి మధ్యా నలుగుతాండావు" అనేవారట. ఆ రోజు ఆయనకు మిరపకాయల కారమే గతి.

ఇక నా సంగతి. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. మా పాప పదో నెలలో మంచం మీది నుంచి పడి నుదురు బొప్పి కట్టింది. నేను కాగితం తీసుకుని, పాప ఎత్తెంత, పడితే తల ఎంత వేగంతో నేల మీది కడప బండకు తగులుతుందో లెక్క కట్టాను. ఆ అంకె చూశాక పాప కాలు నేలకు తగలనివ్వలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ చంకలోనే. కాలేజీకి వెళ్లేటప్పుడు ఊయల్లోంచి దించనని నా భార్య సుబ్బలక్ష్మి చేత ఒట్టు వేయించుకునేవాణ్ణి. పదహారు నెలలు వచ్చినా పాపకు నడక రాలేదు. కాళ్లలో బలం లేదేమోనని మరో భయం పట్టుకుంది.

గాబ్రియేలు గారి దగ్గరికి వెళ్లాను.

"పాప పడిపోతాదని భయపడతాండావు."

"భయం కాదు సార్, లెక్క."

"లెక్క సరిగ్గానే ఉండాది. నిద్రే పట్టడం లేదు."

ఉలిక్కిపడ్డాను. నిద్ర మాట నేను ఎత్తనే లేదు.

వారం వారం వెళ్తూ మూడు గురువారాలు గడిచాయి. ఆయన ఒక్క దారీ చూపలేదు. నాలుగో గురువారం సుబ్బలక్ష్మి ట్రంకుపెట్టె సర్దింది.

"ఆదివారం బండికి పాపను తీసుకోని మా అమ్మోళ్లింటికి పోతాండా. పిల్లకు నడకొచ్చినాకనే వస్తా. మీరు ఈడనే లెక్కలు కట్టుకుంటా ఉండండి."

పాపను ఎత్తుకునే గాబ్రియేలు గారింటికి పరుగెత్తాను.

"దించల్లా, వద్దా? ఈ ఒక్కసారికి చెప్పండి సార్!"

ఆయన ఎదుటి కుర్చీ చూపించి తానూ కూర్చున్నారు.

"దించితే పడతాది," అన్నాను.

"పడతాది."

"పడితే ఏడుస్తాది."

"ఏడుస్తాది."

"ఏడిస్తే... ఎత్తుకుంటా."

నా మాటే నాకు కొత్తగా వినిపించింది. పాపను నేల మీద దించాను.

నిలబడింది. ఊగింది. రెండడుగులు వేసి కూలబడింది. తల కాదు, పిర్రలు తగిలాయి బండకు. నా లెక్కలో ఆ భాగమే లేదు! ఏడవలేదు. లేచి మళ్లీ నడిచింది. అప్పుడు చూశాను. అంత భారీ మనిషి, నాకంటే ముందే కుర్చీ దిగి బండల మీద మోకరిల్లి, పాప తలకు జానెడు దూరంలో రెండు చేతులూ చాచి ఉన్నారు. తాకలేదు. ఉన్నారంతే.

లోపలి నుంచి వచ్చిన జ్ఞానమణి గారు నవ్వారు.

"ఈ పొద్దుకు వచ్చిందా నాయనా నీ కూతురు! నెల దినాలుగా గురువారమొస్తే చాలు, ఈయప్పే చీపురు పట్టి వసారాలో గులకరాయి లేకుండా ఊడ్చేది. నేను ఊడుస్తానన్నా ఇయ్యడు. 'ఆయప్ప బిడ్డను ఎప్పుడు దించుతాడో ఏమో' అంటాడు."

గాబ్రియేలు గారు దొంగతనం చేస్తూ దొరికిన పిల్లవాడిలా మోకాళ్ల దుమ్ము దులుపుకున్నారు.

ఇంటికి పాపను నడిపించే తీసుకొచ్చాను. గౌను నిండా ఎర్రమట్టి చూసి సుబ్బలక్ష్మి వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఎన్నిసార్లు పడింది?"

"లెక్కపెట్టలేదు," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, లోపలికి పోయి పెట్టెలోని చీరలు తీసి మళ్లీ దండెం మీద వేయసాగింది.

తొమ్మిదిసార్లు పడింది.