ఇరవై మూడు సొరుగుల బండి

వెంకటరాజుగారు ఖాళీ చోటు చూసి ఊరుకోలేరు. అగ్గిపెట్టెలో సగం పుల్లలు అయిపోతే ఆ సగంలో గుండుసూదులు పెడతారు. చెంబులో గ్లాసు, గ్లాసులో చెంచాలు, చెంచాల సందుల్లో ఏలకులు. భీమవరంలో వాళ్ళింటికి వచ్చిన చుట్టాలు వెళ్ళేముందు సంచులు ఒకసారి దులుపుకుంటారు. "పావుగంట బల్లమీద వదిలేశామండీ. రాజుగారు ఏమైనా సర్దేశారేమో!" అంటారు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో సూర్యకళకు ఇదంతా అలవాటైపోయింది. ఒకరోజు చెప్పులో కాలు పెడితే టార్చిలైటు బ్యాటరీలు తగిలాయి.

"ఏంటండీ ఇవి?"

"సాయంత్రం దాకా నువ్వెక్కడికీ వెళ్ళవు కదా. ఊరికే పడున్నాయని..." అన్నారాయన.

రొయ్యల చెరువులు లీజుకిచ్చేశాక ఆయనకో కోరిక పుట్టింది. కారు వెనక తగిలించుకునే చిన్న బండి కావాలి. దారిలో పెట్టెలా ముడుచుకుని ఉండాలి, ఆగినచోట మూత ఎత్తితే గుడారమై విచ్చుకోవాలి, లోపల ఇద్దరికి పడక ఉండాలి. దాంతో గోదావరి పక్కనుంచే సముద్రం దాకా వెళ్ళాలి. ఆ మాట వినగానే సూర్యకళ మనసు ఎటో వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఏ ఊరెళ్ళినా ఆమెకు గుర్తున్నవి స్టవ్వూ, మూటలూ, సామాను లెక్కే. నీళ్ళ పక్కన నిద్ర లేవడం ఎలా ఉంటుందో! బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగిపోయేది. గుడారం గుడ్డమీద పొద్దుటి వెలుగు తేనెలా పాకుతున్నట్టు కనిపించేది. పొయ్యిమీద పాలు మాత్రం పొంగిపోయేవి.

తణుకులో వెల్డింగు షెడ్డు నడిపే అబ్రహాము బండి కట్టడానికి ఒప్పుకున్నాడు. తర్వాత చాలా బాధపడ్డాడు.

"ఇంకో సొరుగుకి చోటు లేదండి రాజుగారూ."

"చక్రం పైన జానెడు ఉంది కదండీ."

"అది చక్రం ఎగరడానికండి!"

"మరీ జానెడు ఎగురుతుందేంటండీ? దానికి కావలసింది వదిలి, మిగతాది నాకిచ్చేయండి."

అలా ఇరవై మూడు సొరుగులు తేలాయి. సర్దడం మొదలైంది. సర్దడం, తీయడం, మళ్ళీ సర్దడం. రెండు నెలలు గడిచాయి. గోడవతలనుంచి పక్కింటి పావని రోజూ పలకరించేది.

"ప్రయాణం ఎప్పుడండీ, రాజుగారూ?"

"సర్దడం అయిపోగానే, అమ్మా."

"అదెప్పటికి అవుతుందండీ?"

"అది మాత్రం చెప్పలేం."

చివరికి డిసెంబరులో ఒక తెల్లవారుజామున బయలుదేరారు. పొగమంచులో రోడ్డు ఎక్కడుందో, కాలువ ఎక్కడుందో తెలియలేదు. కోసిన చేలమీద కొంగలు నిద్రపోతున్న తెల్లపూలలా ఉన్నాయి. దారిలో రెండుచోట్ల చుట్టాలు పట్టుకుని భోజనం, టిఫిను పెట్టిగానీ వదల్లేదు. పొద్దు వాలేవేళకు ఆత్రేయపురం దాటి, తెలిసినవాళ్ళ కొబ్బరితోటలో, గోదావరి ఒడ్డున బండి ఆపారు. మూత ఎత్తగానే గుడారం మెల్లగా ఊపిరి పీల్చుకున్నట్టు లేచింది. సూర్యకళ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"టీ పెడతాను. అగ్గిపెట్టె ఏదండీ?"

"జాబితాలో ఉంటుంది చూడు."

"జాబితా ఏది?"

"భద్రంగా సర్దాను."

"ఏ సొరుగులో?"

"అది జాబితాలో రాశానే!"

చీకట్లో ఇరవై మూడు సొరుగులూ వెతికే ఓపిక లేక, ఆ పూట వాళ్ళు పూతరేకులు తిని, మంచినీళ్ళు తాగి పడుకున్నారు.

తెల్లారి సూర్యకళ కళ్ళు తెరిచేసరికి గుడ్డమీద నిజంగానే వెలుగు పాకుతోంది. గోదావరి చప్పుడు చేయకుండా వెళుతోంది. ఎక్కడో పడవ, అందులో ఎవరిదో దగ్గు. పక్కన ఆయన లేరు, ఒడ్డువెంట నడకకు వెళ్ళినట్టున్నారు. కాఫీ తాగాలనిపించింది. అంతలోనే ఇరవై మూడు సొరుగులూ గుర్తొచ్చాయి. రెండేళ్ళుగా ఆమెకు మోకాళ్ళు వంగవు. కింద కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి.

ఉసూరుమంటూ నిలబడి, చేతికి అందిన సొరుగు లాగింది. కాఫీపొడి, పాలపొడి ఉన్నాయి. పక్కదానిలో పంచదార, అగ్గిపెట్టె. స్టవ్వు నడుమెత్తు పలకమీదే ఉంది. శాలువా కావాలనుకుని ఇంకోటి లాగితే శాలువా. ఆ తర్వాత కళ్ళజోడు, చీరలు, మోకాళ్ళకు రాసుకునే తైలం. ఆమె ఒక్కసారి కూడా వంగలేదు, మునివేళ్ళమీద లేవలేదు. జాబితా అవసరమే పడలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని ఆ సొరుగులవంక చాలాసేపు చూస్తూ నిలబడింది.

అంతలో రాజుగారు మోకాళ్ళదాకా తడిసి వచ్చారు. వచ్చీరాగానే ఇసుకలో బోర్లాపడుకుని, చక్రం పక్కనుంచి బండి కిందికి చెయ్యి దూర్చారు.

"ఏమైందండీ?"

"పంచె."

"పంచె అంత అడుగునా?"

"చొక్కాలూ ఇక్కడే."

"ఎందుకండీ?"

"పైన ఖాళీ లేక." ఆయన తల ఎత్తలేదు.

సూర్యకళ కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత, "ఆ బట్టలన్నీ ఇలా ఇవ్వండి, చెమ్మగా ఉంటాయి, ఎండలో వేస్తాను" అంది. ఎండ తగిలాక వాటిని తీసుకెళ్ళి తన చీరల సొరుగులో కుక్కేసింది. సొరుగు మూసుకోలేదు, నాలుగు వేళ్ళు బయటికే ఉండిపోయింది.

బయలుదేరేముందు రాజుగారు దాన్ని నెట్టారు. భుజంతో తోశారు. లోపలికి తొంగిచూశారు.

"ఇది మూసుకోదు, కళా."

"మూసుకోకపోతే ఏమవుతుందండీ?"

ఆయన ఇంకోసారి తోసి చూశారు. ఆఖరికి ఒక తాడు తెచ్చి, సొరుగును ఉన్నదున్నట్టే రెండు చుట్లు చుట్టి కట్టారు.

అంతర్వేది వెళ్ళేదాకా ఆగినచోటల్లా ఆయన దిగి వెనక్కి వెళుతూనే ఉన్నారు. సూర్యకళ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"తాడు ఊడిందా ఏంటండీ?"

"లేదు, లేదు. నాలుగువేళ్ళ సందు ఉంది కదా అని..." ఆయన సిగ్గుపడ్డారు. "ఏమీ పెట్టలేదులే."