గీత మీదనే ఉందని చెప్పాను

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద కథేమీ కాదు, మూడు మాటలు. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టి అనిపించలేదు. భయపడి అన్నానని మీరు అనుకుంటే నా మీద జాలి పడతారు, ఆ జాలి నాకు వద్దు. నా పేరు మాత్రం రాయను. మాది బచ్చన్నపేట దగ్గర ఒక ఊరు, అంతవరకు చాలు. పేరు ఎందుకు దాస్తున్నావని నన్ను నేనే అడిగాను. మా అన్న పిల్లలున్నారు, నా పిల్లలున్నారు. ఇదీ పిరికితనమే అంటారా? అనండి. ఒప్పుకుంటాను.

అరవైతొమ్మిదిలో నేను వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను. ప్రత్యేక తెలంగాణ కావాలని ఉద్యమం లేచింది, కాలేజీలు మూతపడ్డాయి. మేమూ రోడ్డెక్కాం. లాఠీ దెబ్బలు తిన్నాం, రాళ్లు విసిరాం. బస్సు అద్దం పగిలినప్పుడు వచ్చే చప్పుడు నాకు ఇష్టంగా ఉండేది. ఎందుకు ఇష్టమో అప్పుడు ఆలోచించలేదు. ఏడాది చదువు గంగలో కలిసింది. ఇంటికొస్తే నాయిన అప్పటికే లేడు, పెత్తనమంతా అన్నది. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. కోపమొస్తే చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. జీతగాళ్లనూ, ఎడ్లనూ, నన్నూ. ఆ ఇంట్లో పగలంతా ఉండలేక జనగామలో యాకూబ్ భాయ్ షెడ్డుకు పోవడం మొదలుపెట్టాను.

యాకూబ్ భాయ్ మెకానిక్. ఇంజను నడుస్తుంటే కళ్లు మూసుకుని వినేవాడు. అందులో ఏది నొప్పి పడుతుందో చెప్పేవాడు. పానా ఎలా పట్టాలో, బోల్టు ఎంతవరకు బిగించి ఎక్కడ ఆపాలో నాకు ఆయనే నేర్పాడు. నేను తప్పు చేస్తే నవ్వేవాడు. చేతి మీద కొట్టకుండా పని నేర్పిన మనిషి నా బతుకులో ఆయనొక్కడే.

ఆ రోజుల్లోనే అన్న మిలిటరీ వాళ్లు వేలం వేసిన ఒక పాత పికప్ బండిని కొన్నాడు. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే క్యాబిన్, వెనక ఇనుప తొట్టి. తుప్పు పట్టిన ఆ బండిని చూసి ఊళ్లో అందరూ నవ్వారు. మేడారం జాతరకు పోయి వచ్చేలా దాన్ని తయారుచేస్తానని అన్నకు మాట ఇచ్చాను. జాతరకు పోతే నాలుగు రోజులు అడవిలోనే వండుకుని, అడవిలోనే పడుకోవాలి. అప్పటిదాకా మా వాళ్లు ఎడ్లబండ్ల కింద పడుకునేవారు.

ఏడాదిపైన పట్టింది. ఇంజను మొత్తం విప్పి కట్టాం. గతుకుల దారికి తట్టుకోవాలని వెనక కమాను పట్టీలకు రెండేసి ఆకులు కలిపాం. తొట్టి మీద టేకు చెక్కతో గూడు లేపాను. పక్క పలకలు కిందికి దించితే నలుగురు పడుకునే మంచమవుతుంది, పైన చుట్టిన తాడిపత్రి విప్పితే డేరా అవుతుంది. కింద నీళ్ల డ్రమ్ము, వెనక పొయ్యి, గిన్నెలు పెట్టుకునే పెట్టె. ఒక్కో మేకు నా చేత్తో కొట్టాను. పెళ్లయి మూడు నెలలు కూడా కాని నా భార్య ఆ బండి పేరెత్తితే మూతి తిప్పేది, అది తనకు సవతి అనేది.

ఇక్కడ బండి సంగతి రెండు ముక్కలు చెప్పాలి. దాన్ని లేపాలంటే ముందువైపు ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలి. ఇంజన్లో నిప్పురవ్వ పడవలసిన దానికంటే ముందే పడితే ఇంజను ఎదురు తిరుగుతుంది, హ్యాండిల్ వెనక్కి తన్ని చెయ్యి విరుస్తుంది. ఆ రవ్వ ఎప్పుడు పడాలో డిస్ట్రిబ్యూటర్ చూసుకుంటుంది. దాని బోల్టు వదులు చేసి కొద్దిగా పక్కకు తిప్పితే చాలు, లెక్క మారిపోతుంది. యాకూబ్ భాయ్ దాన్ని సరిగ్గా కుదిర్చి బిగించాక, పైన డిస్ట్రిబ్యూటర్ మీదా కింద ఇంజను మీదా కలిసేలా ఉలితో ఒక గీత కొట్టేవాడు. ఎవరైనా కదిపితే గీత రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

హ్యాండిల్‌ను పిడికిలి బిగించి పట్టుకోవద్దని, బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలని ఆయన అన్నకు ఎన్నిసార్లు చెప్పాడో. అన్న వినలేదు. పిడికిలితో పట్టి ఒక్క ఊపుకు బండి లేపడం, చుట్టూ ఉన్నవాళ్లు చూడటం ఆయనకు గొప్ప. బండి తోలేదీ ఆయనే. తయారుచేసిన నన్ను ఒక్కసారి కూడా స్టీరింగ్ ముట్టనివ్వలేదు.

జాతరకు బయలుదేరాం. అన్న, వదిన, పిల్లలు, నేను, నా భార్య, అన్న బామ్మర్ది. దారిలో బండి ఆగితే చూడటానికి యాకూబ్ భాయ్. జీతగాళ్లు రెండు రోజుల ముందే ఎడ్లబండ్లలో పోయారు. భూపాలపల్లి దాటాక ఎత్తు ఎక్కుతుంటే ఇంజను టకటకమంది. అడవిలో వాగు పక్కన దిగాక, ఆ సాయంత్రం యాకూబ్ భాయ్ బానెట్ ఎత్తి టైమింగ్ సరిచేసి కొత్త గీత కొట్టాడు. అందరూ చూశారు.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ అన్న అన్నాడు, ఇంటికి పోగానే ఆ చెక్క గూడు పీకేసి బండితో ఇటుకలు తోలిస్తానని. ముందే ఎవరితోనో మాట్లాడుకున్నాడట. పీకనివ్వనన్నాను. బహుశా ఆయన ముఖం మీద వద్దు అనడం నా జన్మలో అదే మొదలు. అన్న చాయ్ గ్లాసు పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పు తీసి, నా మొహం మీద కొట్టాడు. కింద పడ్డాక కూడా కొట్టాడు. పెదవి చిట్లింది, నోట్లోకి మన్ను పోయింది. వదిన పిల్లలను అటు తిప్పుకుంది. నా భార్య ఉల్లిగడ్డలు కోస్తోంది. తల ఎత్తలేదు, కొయ్యడం ఆపలేదు. జీతగాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. యాకూబ్ భాయ్ ఒక్కడే ఉరికొచ్చి అన్న చెయ్యి పట్టుకున్నాడు. అన్న ఆయన్ను రొమ్ము మీద తోసి ఇంకో రెండు దెబ్బలు వేసి చెప్పు తొడుక్కున్నాడు.

తర్వాత నేను వాగులో మొహం కడుక్కున్నాను. ప్లగ్గులు తుడుస్తున్నట్టు బానెట్ ఎత్తాను, రోజూ చేసే పనే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పానా పెట్టి బోల్టు వదులు చేశాను. డిస్ట్రిబ్యూటర్‌ను బొటనవేలంత పక్కకు తిప్పాను. మళ్లీ బిగించాను.

ఏమనుకుని చేశాను? హ్యాండిల్ ఒక్క తన్ను తంతే చాలు, అందరి ముందు నవ్వులపాలవుతాడు, అంతే అనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. అలా మణికట్టు విరిగిన డ్రైవర్‌ను షెడ్డులో నా కళ్లతో చూశాను. ఎముక తోలు చీల్చుకుని ఎలా బయటికొస్తుందో నాకు తెలుసు. తెలిసే తిప్పాను. ఆ ఎముకను తలుచుకుంటూనే తిప్పాను.

ఎండ ఎక్కాక అమ్మవార్ల గద్దెల దగ్గరికి పోదామని అన్న హ్యాండిల్ పెట్టాడు. పిడికిలి బిగించాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఆగు అనడానికి కావలసినంత టైమ్ ఉంది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. హ్యాండిల్ ఊడి ఎగిరి ఆయన దవడకు తగిలింది. అన్న మోకాళ్ల మీద కూలాడు. చెయ్యి మణికట్టు దగ్గర ఇంకో వైపుకు వంగి ఉంది, నోట్లోంచి నెత్తురు, నెత్తురులో పళ్లు. ఆయన అరుపు నేను ముందెప్పుడూ వినలేదు. ఎద్దు అరిచినట్టు అరిచాడు. నాకు ఆ క్షణంలో హాయిగా అనిపించింది. ఇది రాయకూడదనుకున్నాను, కానీ రాయకపోతే మిగతాది రాసి ఏం లాభం?

"నిన్న ఇంజన్ల చెయ్యి పెట్టింది ఎవడు? వాన్ని పట్కరాండ్రి" అన్నాడు అన్న, నెత్తురు ఉమ్ముతూ.

వాగు దగ్గర బట్టలు పిండుకుంటున్న యాకూబ్ భాయ్‌ను బామ్మర్దీ, జీతగాళ్లూ ఈడ్చుకొచ్చారు. పొద్దున తను తోసినందుకు కక్ష కడుపులో పెట్టుకుని యాకూబ్ భాయే చేశాడని అన్నకు అప్పటికే ఖాయమైపోయింది. యాకూబ్ భాయ్ అన్న చేతిని చూసి ముందు దవాఖానకు పోదామన్నాడు. ఎవరో చెంప మీద కొట్టారు.

"పటేలా, నేను సక్కగనే బిగించిన" అన్నాడు. "గీత కొట్టిన. గీత జరిగి ఉంటె ఎవరో ముట్టుకున్నట్టు. జరగకుంటె తప్పు నాదే. చిన్న పటేల్‌కు ఎర్కనే, ఆయన్ను చూడమనున్రి. ఆయన ఏమంటె గదే."

అందరూ నా వైపు చూశారు. నేను బానెట్ ఎత్తి తల లోపలికి పెట్టాను. గీత రెండు ముక్కలై ఉంది. పై ముక్క బొటనవేలంత పక్కకు పోయి ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు. ఇంజను చల్లగా ఉంది, నూనె వాసన వస్తోంది.

"గీత మీదనే ఉన్నది" అన్నాను.

"సక్కగ చూసినవా, చిన్న పటేలా?" అన్నాడు యాకూబ్ భాయ్.

"చూసిన."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత డేరా కట్టెలతో కొట్టడం మొదలుపెట్టారు. వీపు మీద, కాళ్ల మీద, పడిపోయాక పక్కటెముకల మీద. నా చెయ్యి పోయింది, వానిది కూడా పోవాలె అని అన్న అరిచాడు. బామ్మర్ది యాకూబ్ భాయ్ కుడిచెయ్యిని వాగు రాయి మీద పరిచి, పైన కాలు పెట్టి, అదే హ్యాండిల్‌తో కొట్టాడు. రెండుసార్లు. యాకూబ్ భాయ్ అల్లాను పిలిచాడు, తర్వాత అమ్మను పిలిచాడు. ఆ అరుపుల చాటున నేను ఏం చేశానో తెలుసా? పానా తీసుకుని బోల్టు విప్పి, డిస్ట్రిబ్యూటర్‌ను మళ్లీ గీత మీదికి తెచ్చి బిగించాను. ఇంకెవరైనా చూస్తే నా మాట నిజం కావాలి కదా.

అన్నను దవాఖానకు నేనే తీసుకుపోయాను. మొదటిసారి ఆ బండి తోలాను. వరంగల్ దాకా అన్న నా భుజం మీద తల పెట్టి మూలుగుతున్నాడు, నా చేతుల్లో స్టీరింగ్ ఉంది, బండి నేను అనుకున్నట్టే గతుకుల మీద మెత్తగా పోతోంది. సంతోషపడ్డాను. యాకూబ్ భాయ్‌ను అక్కడే వాగు పక్కన వదిలేసి వచ్చాం. జాతరకు వచ్చిన వాళ్లెవరో తమ బండిలో వేసుకుపోయారని తర్వాత తెలిసింది. నెల తిరగకుండా జనగామ షెడ్డు మూతపడింది.

అన్న కట్లు గడువుకు ముందే పీకేసుకున్నాడు, చెయ్యి వంకరగా అతుక్కుంది. బండి తోలలేకపోయాడు. గూడు పీకే మాట మళ్లీ ఎత్తలేదు. బండి నాదైంది. ఆపదలో తమ్ముడే ఆదుకున్నాడని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. మళ్లీ నా మీద చెయ్యి ఎత్తలేదు. నేను ఆ బండి వేసుకుని పాకాల, లక్నవరం, గోదావరి ఒడ్డు తిరిగాను. చెరువు గట్ల మీద డేరా వేసుకుని వండుకుతిన్నాం. చూసినవాళ్లు ఎవరు చేశారని అడిగితే నేనే అనేవాణ్ని.

నాలుగేళ్ల కింద ఒక పాత గేర్‌బాక్స్ కోసం మహబూబాబాద్ పోయాను. ఆ రకం బండి పని తెలిసిన మనిషి ఒకాయన ఉండేవాడని, చనిపోయి ఏడాదైందని పాత సామాన్ల దుకాణంలో చెప్పారు. జనగామ నుంచి వచ్చాడు, యాకూబ్ అని పేరు చెప్పారు. వెనక్కి వచ్చేయవలసింది. ఇల్లు ఎక్కడని అడిగాను. ఎందుకు అడిగాను? చెప్పుకోవడానికేనా? ఆయన లేడని తెలిశాకే కదా అడిగే ధైర్యం వచ్చింది.

స్టేషన్ వెనక రేకుల ఇల్లు. ఆయన భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. నేను ఎవరో చెబితే తరుముతుందనుకుంటూనే చెప్పాను. ఆమె కొంగు సవరించుకుని లేచి కుర్చీ తుడిచింది.

"చిన్న పటేలా మీరు? మీ పేరు ఎప్పటికి తీసేటోడు. అందరు కొట్టిన్రు, చిన్న పటేల్ ఒక్కడు చెయ్యి ఎత్తలే అనేటోడు."

చాయ్ ఇచ్చింది. తాగాను. ఆయన చెయ్యి బాగైందా అని అడిగాను.

"బాగనే అయింది. రెండు వేళ్లు వంగకపోతుండె, గంతే. పని చేస్కోవచ్చు. చెయ్యలే. షెడ్డోళ్లు ఎందరో వచ్చి పిలిచిన్రు. చిన్న పటేల్ అబద్ధమాడడు, గీత మీదనే ఉన్నదన్నడంటె నా చెయ్యే తప్పింది, నా తప్పుకు పెద్ద పటేల్ చెయ్యి ఇరిగింది అనేటోడు. మళ్ల పానా పట్టలే. ప్లాట్‌ఫారం మీద పల్లికాయ అమ్మిండు. నమాజుల గూడ గా తప్పు మాఫ్ చెయ్యమనే అడిగేటోడు."

తర్వాత ఆమె నా మొహంలోకి చూసింది.

"మీ అన్న ఆయన్ను మాఫ్ చేసిండా? ఒక్క మాట చెప్పున్రి. పోయేదాంక గదే పరేషాన్ ఆయనకు."

ఇప్పుడైనా చెప్పాలి అనుకున్నాను. నాలుక మీదికి వచ్చింది. ఆమె చేతిలో సగం కుట్టిన జాకెట్టు ఉంది, సూది అందులోనే ఉంది.

"చేసిండు" అన్నాను.

ఆమె ఏడ్చింది. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నా కాళ్లకు దండం పెట్టబోతే లేచి బయటికి వచ్చేశాను. ఏ తప్పూ చేయని మనిషికి, ఆయన చేతిని విరగ్గొట్టించిన నేను, ఆయన పెళ్లాం ముందు కూర్చుని, ఆమె చేతి చాయ్ తాగి, మాఫీ ఇచ్చి వచ్చాను. చెప్పుదెబ్బలు తిన్నప్పుడు కూడా నాకు అంత అసహ్యం పుట్టలేదు.

అన్నకు ఇప్పటికీ తెలియదు. ఈ మధ్య కళ్లు సరిగా కనిపించడం లేదు, నేనే పేపర్ చదివి వినిపిస్తాను. ఆమె దగ్గరికి మళ్లీ పోవాలని రెండుసార్లు మహబూబాబాద్ బస్సెక్కాను, రెండుసార్లూ మధ్యలోనే దిగాను. మూడోసారి దిగకుండా పోతానని మీకు మాట ఇవ్వలేను. ఇచ్చినా నమ్మకండి. మీరు నన్ను క్షమించవలసిన పని కూడా లేదు, అది మీ చేతిలో లేదు. ఒక్క మనిషికైనా నిజం తెలియాలి, అందుకే ఇంత రాశాను. రాస్తుంటే ఇన్నేళ్లకు ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది.

యాకూబ్ భాయ్ చెయ్యి తప్పలేదు. ఆయన సరిగ్గానే బిగించాడు. జరిపింది నేను.