టీవీలో కనబడ్డ అక్క పేగు

మా అక్కను చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఊరికిచ్చారు. రెండో కాన్పు తర్వాత ఆమెకు విరేచనాల్లో నెత్తురు పడడం మొదలైంది. మొదట మూలశంక అన్నారు, తర్వాత బంక విరేచనాలన్నారు. పసరు మందులు, దవాఖానా సూదులు అన్నీ అయ్యాయి. ఎప్పుడు చెంబు పట్టుకుని చెట్లలోకి పరుగెత్తాల్సి వస్తుందోనని అక్క బస్సెక్కడమే మానేసింది. మా అమ్మ పోయినప్పుడు ఎడ్లబండిలో బయల్దేరింది, ఎక్కడంటే అక్కడ బండి ఆపించుకోవచ్చని. ఆమె చేరేసరికి దహనం అయిపోయింది.

ఎనభైల చివర్లో హైదరాబాద్ డాక్టరొకాయన గొట్టం వేసి చూసి, పెద్దపేగు లోపలి పొరంతా పుండ్లు పడిందన్నాడు. అల్సరేటివ్ కొలైటిస్ అట. మాత్రలు వాడగా వాడగా నెత్తురు ఆగింది. అక్క మళ్ళీ మిరప చేలోకి దిగింది.

కొన్నేళ్ళకు ఆ డాక్టరే మరోసారి చూడాలన్నాడు.

"ఇంకేం చూస్తరు? నేను మంచిగనే ఉన్న గదా" అంది అక్క. బతిమాలి తీసుకుపోయాను.

అప్పటికి అక్కడికి కొత్త యంత్రం వచ్చింది. గొట్టం కొసన చిన్న కెమెరా ఉంటుంది, లోపలిదంతా పక్కనున్న టీవీలో కనబడుతుంది. నన్నూ లోపలికి రానిచ్చారు. అక్క పేగు గులాబిరంగులో, తడిగా మెరుస్తోంది. నెత్తురు జాడ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరు మాత్రం గొట్టంలోంచి నీలిరంగు మందు చల్లించాడు. నున్నగా ఉన్నదనుకున్న పొర మీద సన్నటి గీతలు తేలాయి, దువ్వినట్టు వరుసగా. ఒక్కచోట ఆ వరుస చెదిరి, దద్దురులా లేచి ఉంది. ఆయన అక్కడినుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు.

ఫలితం వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "పుండ్లు మానాయమ్మా. కానీ ఏళ్ళ తరబడి పుండ్లతో ఉన్న పేగు కదా, ఆ ఒక్కచోట కణాలు మారుతున్నాయి. వదిలేస్తే క్యాన్సర్ కావచ్చు. పెద్దపేగు తీసేసి, పొట్ట మీద మలం బయటికొచ్చే దారిపెట్టి సంచి తగిలిస్తాం."

"నొప్పి లేదు, నెత్తురు లేదు. మంచిగైనంక కోసుడేంది సారూ?"

ఆయన ఓపిగ్గా మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. అక్క విన్నది. బయటికొచ్చాక వరండాలో గోడకానుకుని నిలబడి, "తమ్మీ, రోగమున్నన్నాళ్ళు తగ్గాలని మొక్కిన. తగ్గినంక గిట్లెందుకైంది?" అంది.

పిల్లల ముఖం చూసి ఆపరేషన్‌కు ఒప్పుకుంది. ప్రాణం దక్కింది, క్యాన్సర్ రాలేదు. కానీ ఆ సంచితో నలుగురిలోకి రావడం మాత్రం ఆమె వల్ల కాలేదు. కూతురి పెళ్ళిలో పీటల మీద తోటికోడలినీ మరిదినీ కూర్చోబెట్టి, తను వెనకగదిలో చాప మీద ఉండిపోయింది. పిలుద్దామని వెళ్ళాను.

"వాసనొస్తుందా తమ్మీ? నిజం చెప్పు."

"లేదక్కా, ఒట్టు."

నిజంగానే రావడం లేదు. అక్క కొంగు పొట్ట మీదికి ఇంకాస్త లాక్కుంది. "నువ్వు పో. ఆడ పని చూస్కో" అని గోడవైపు తిరిగింది.